బ్రయాన్ క్లఫ్: ఆటగాడిగా, మేనేజర్‌గా - తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చరిత్ర చదివేవారికి ఎక్కడో ఒకచోట బ్రయాన్ క్లఫ్ పేరు ఎదురవుతుంది. ఆయన మాటలూ వివాదాలూ ప్రచారంలోకి వచ్చినంతగా ఆయన చేసిన పని రాలేదు. అందుకే ఈ జవాబులలో మైదానంలో జరిగినదానికే ఎక్కువ చోటు ఇచ్చాము.

బ్రయాన్ క్లఫ్ ఎవరు?

క్లఫ్ 1935 మార్చి 21న ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని మిడిల్స్‌బ్రో పట్టణంలో, పెద్ద కార్మిక కుటుంబంలో పుట్టారు. మొదట మిడిల్స్‌బ్రో, తర్వాత సండర్‌లాండ్ క్లబ్బులకు ఫార్వర్డ్‌గా ఆడారు. 1965 నుంచి 1993 వరకు వరుసగా హార్టిల్‌పూల్స్ యునైటెడ్, డార్బీ కౌంటీ, బ్రైటన్, లీడ్స్ యునైటెడ్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్లకు మేనేజర్‌గా పనిచేశారు. డార్బీని 1972లో, ఫారెస్ట్‌ను 1978లో ఇంగ్లండ్ ఛాంపియన్లుగా నిలిపారు. ఆ తర్వాత ఫారెస్ట్‌కు 1979, 1980లలో వరుసగా రెండుసార్లు యూరోపియన్ కప్ (యూరప్ దేశాల ఛాంపియన్ క్లబ్బుల మధ్య జరిగే పోటీ) అందించారు. ఇంగ్లండ్ లీగ్‌ను రెండు వేర్వేరు క్లబ్బులతో గెలిచిన మేనేజర్లు చాలా కొద్దిమంది. క్లఫ్ చేపట్టిన నాటికి ఆ రెండు క్లబ్బులూ రెండో డివిజన్‌లో, అంటే అగ్రస్థాయి అయిన మొదటి డివిజన్‌కు ఒక మెట్టు కింద, ఉన్నాయన్నది మరచిపోకూడదు.

ఆటగాడిగా ఆయన స్థాయి ఏమిటి?

లీగ్ మ్యాచ్‌లలో 274 సార్లు ఆడి 251 గోల్స్ చేశారు. అందులో 197 గోల్స్ మిడిల్స్‌బ్రో తరఫున 213 మ్యాచ్‌లలో, మిగిలిన 54 సండర్‌లాండ్ తరఫున 61 మ్యాచ్‌లలో చేశారు. దాదాపు మ్యాచ్‌కొక గోల్ అన్నమాట. ఏ కాలంలోనైనా ఇది అసాధారణమైన లెక్కే. అయితే ఈ గోల్స్‌లో ఒక్కటి తప్ప అన్నీ రెండో డివిజన్‌లో చేసినవే కాబట్టి, పై స్థాయిలో ఆయన ఎంత రాణించేవారో తేల్చి చెప్పడం కష్టం. ఇంగ్లండ్ జట్టు తరఫున 1959 అక్టోబరులో వేల్స్, స్వీడన్‌లతో రెండు మ్యాచ్‌లు మాత్రమే ఆడారు, గోల్ చేయలేదు. మళ్లీ పిలుపు రాలేదు. ఆ బాధ ఆయనను చాలాకాలం వదల్లేదు.

అంత గోల్స్ చేసే ఆటగాడు 29 ఏళ్లకే ఎందుకు ఆగిపోయారు?

1962 డిసెంబరు 26న సండర్‌లాండ్ సొంత మైదానం రోకర్ పార్క్‌లో బరీ జట్టుతో మ్యాచ్ జరుగుతోంది. బంతి కోసం పరుగెత్తిన క్లఫ్, ఎదురుగా వచ్చిన గోల్‌కీపర్‌ను బలంగా ఢీకొన్నారు. మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. ఈ రోజుల్లో అలాంటి గాయానికి శస్త్రచికిత్స చేయించుకుని ఏడాదిలోపే తిరిగి మైదానంలోకి వచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆ రోజుల్లో అది ఆటగాడి బతుకుదెరువును ముగించే గాయం. క్లఫ్ పట్టు వదలకుండా దాదాపు రెండేళ్లు శ్రమించి, 1964లో మొదటి డివిజన్‌కు చేరిన సండర్‌లాండ్ తరఫున మూడు మ్యాచ్‌లు ఆడి ఒక గోల్ కూడా చేశారు. కానీ మోకాలు సహకరించలేదు.

ఆ తర్వాత కొంతకాలం సండర్‌లాండ్ యువ జట్టుకు శిక్షణ ఇచ్చారు. తనకు ఆట కాకుండా ఇంకేదో చేతనవునని తెలిసింది అక్కడేనని చెప్పవచ్చు. ఆయన మేనేజర్ జీవితమంతటా కనిపించే తొందర, పదునైన మాట, కాలం చేజారిపోతోందన్న ఆత్రుత ఈ గాయం నుంచే వచ్చాయని మా అభిప్రాయం.

మేనేజర్‌గా మొదటి ఉద్యోగం ఎక్కడ?

1965 అక్టోబరులో, 30 ఏళ్ల వయసులో, నాలుగో డివిజన్‌లో అట్టడుగున కొట్టుమిట్టాడుతున్న హార్టిల్‌పూల్స్ యునైటెడ్‌లో. అప్పటికి లీగ్ మొత్తంలో ఆయనే అతి పిన్న వయస్కుడైన మేనేజర్. క్లబ్ దగ్గర డబ్బు లేదు. క్లఫ్ ఊరిలోని కార్మికుల క్లబ్బులకు తిరిగి విరాళాలు అడిగారు, జట్టు బస్సును తానే నడపడానికి లైసెన్సు కూడా తీసుకున్నారు. ఛైర్మన్ మొదట సహాయకుడైన పీటర్ టేలర్‌ను, ఆపై క్లఫ్‌ను కూడా తొలగించాలని చూశారు. బోర్డు వారి పక్షాన నిలవడంతో చివరకు ఛైర్మనే తప్పుకోవలసి వచ్చింది. 1966-67లో జట్టు ఎనిమిదో స్థానంలో నిలిచింది. క్లఫ్ వెళ్లిపోయిన మరుసటి సీజన్‌లో ఆ జట్టు మూడో డివిజన్‌కు ఎదిగింది.

పీటర్ టేలర్ ఎవరు? ఆయన పాత్ర అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. టేలర్ మిడిల్స్‌బ్రోలో గోల్‌కీపర్. క్లఫ్ ఇంకా మొదటి జట్టులో స్థిరపడని రోజుల్లోనే ఆ కుర్రవాడి ప్రతిభను గుర్తించి అందరికీ చెప్పిన మనిషి. తర్వాత బర్టన్ ఆల్బియన్ మేనేజర్‌గా ఉన్నప్పుడు క్లఫ్ ఫోన్ చేసి పిలిస్తే, ఉన్న ఉద్యోగం వదులుకుని హార్టిల్‌పూల్స్‌కు సహాయకుడిగా వచ్చారు.

ఇద్దరి మధ్య పని విభజన చాలావరకు స్పష్టంగా ఉండేది. ఏ ఆటగాణ్ణి కొనాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరు ఏ స్థానంలో పనికొస్తారన్నది టేలర్ కన్నుకు తెలిసేది. కొన్నవాణ్ణి నమ్మించి, భయపెట్టి, లాలించి, అతడిలోని చివరి చుక్కవరకు రాబట్టడం క్లఫ్ పని. అందుకు మంచి ఉదాహరణ రాయ్ మెక్‌ఫార్లండ్. 1967లో ట్రాన్‌మియర్ జట్టులో ఆడుతున్న 19 ఏళ్ల ఆ డిఫెండర్‌ను టేలర్ ఎంపిక చేశారు. ఇద్దరూ రాత్రి పొద్దుపోయాక అతడి ఇంటికి వెళ్లి నిద్ర లేపించారు. పైజమాలోనే కిందికి దిగివచ్చిన కుర్రవాడు సంతకం చేసేదాకా క్లఫ్ కదల్లేదు. మెక్‌ఫార్లండ్ తర్వాత డార్బీకి కెప్టెన్ అయ్యారు, ఇంగ్లండ్ జట్టుకు ఆడారు.

టేలర్ లేకుండా క్లఫ్ ఒక్క లీగ్ టైటిల్ కూడా గెలవలేదు. క్లఫ్ లేకుండా టేలర్ కూడా పెద్దగా ఏమీ సాధించలేదు. క్లఫ్ గురించి రాసేవారు ఈ రెండు వాక్యాలలో మొదటిదాన్ని తరచుగా వదిలేస్తారు. అది టేలర్‌కు అన్యాయం.

రెండో డివిజన్‌లో ఉన్న డార్బీ ఛాంపియన్ ఎలా అయింది?

1967 వేసవిలో వీరిద్దరూ డార్బీ కౌంటీకి వచ్చారు. మొదటి సీజన్‌లో జట్టు 18వ స్థానంలో నిలిచింది, అంతకుముందు ఏడాదికంటే ఒక మెట్టు కిందికి. ఫలితాలు చూసి తీర్పు చెప్పేవారు ఆ దశలోనే వారిని పంపించివేసేవారు. కానీ ఆ ఏడాదిలో పాత జట్టును దాదాపుగా విడదీసి కొత్తది కట్టడం మొదలైంది.

1968లో క్లఫ్ లండన్ వెళ్లి డేవ్ మకాయ్‌ను ఒప్పించారు. టోటెన్‌హామ్‌తో ఎన్నో ట్రోఫీలు గెలిచిన మకాయ్‌కు అప్పటికి 33 ఏళ్లు, కాలు రెండుసార్లు విరిగింది. సొంత దేశం స్కాట్లండ్‌కు తిరిగి వెళ్లాలని అనుకుంటున్నారు. అలాంటి మనిషిని 5,000 పౌండ్లకు తెచ్చి, మధ్య మైదానంలో పరుగులు పెట్టించకుండా వెనక్కు జరిపి, కుర్రవాడైన మెక్‌ఫార్లండ్ పక్కన నిలబెట్టారు. మకాయ్ అక్కడి నుంచి మాటతోనూ చూపుతోనూ జట్టు మొత్తాన్ని నడిపించారు. ఆ సీజన్‌లోనే డార్బీ రెండో డివిజన్ గెలిచింది, మకాయ్‌కు ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి పురస్కారం మరొకరితో కలిసి దక్కింది. మా దృష్టిలో క్లఫ్ చేసిన అత్యుత్తమ కొనుగోలు ఇదే. తర్వాత ఆయన ఖర్చు చేసిన పెద్ద మొత్తాలేవీ దీనికి సాటిరావు.

1971-72 సీజన్ ముగింపు విచిత్రంగా సాగింది. మే 1న లివర్‌పూల్‌ను 1-0తో ఓడించి డార్బీ తన చివరి మ్యాచ్ ముగించుకుంది. ఒక్క పాయింటు ముందున్నా, లీడ్స్, లివర్‌పూల్‌లకు ఇంకా తలొక మ్యాచ్ మిగిలి ఉంది. ఆటగాళ్లను తీసుకుని టేలర్ మయోర్కా దీవికి సెలవుకు వెళ్లారు, క్లఫ్ కుటుంబంతో సిల్లీ దీవులకు వెళ్లారు. మే 8న లీడ్స్ వుల్వర్‌హాంప్టన్ చేతిలో ఓడింది, లివర్‌పూల్ ఆర్సెనల్‌తో డ్రా చేసుకుంది. డార్బీ ఆటగాళ్లు తాము తొలిసారి ఇంగ్లండ్ ఛాంపియన్లయ్యామన్న వార్తను సెలవులోనే విన్నారు.

మరుసటి ఏడాది యూరోపియన్ కప్‌లో బెన్‌ఫికాను ఓడించి సెమీఫైనల్ చేరి, అక్కడ యువెంటస్ చేతిలో రెండు మ్యాచ్‌లు కలిపి 3-1తో ఓడిపోయారు.

అంత విజయం తర్వాత డార్బీని ఎందుకు వదిలారు?

ఛైర్మన్ శామ్ లాంగ్సన్‌తో పొసగలేదు. క్లఫ్ టెలివిజన్‌లో, పత్రికలలో తరచుగా మాట్లాడేవారు. ఫుట్‌బాల్ పెద్దలనూ ఇతర క్లబ్బులనూ బాహాటంగా విమర్శించేవారు. అది తగ్గించాలని బోర్డు కోరింది, ఆయన అంగీకరించలేదు. 1973 అక్టోబరులో క్లఫ్, టేలర్ ఇద్దరూ రాజీనామా ఇచ్చారు, బోర్డు ఆమోదించింది. అభిమానులు వీధుల్లోకి వచ్చారు, ఆటగాళ్లు తిరుగుబాటుకు సిద్ధపడ్డారు, అయినా ఫలితం లేకపోయింది. వారసుడిగా వచ్చిన డేవ్ మకాయ్ 1975లో డార్బీకి మరో లీగ్ టైటిల్ తెచ్చిపెట్టారు. ఈ రాజీనామా తన జీవితంలో పెద్ద పొరపాటని క్లఫ్ తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు.

బ్రైటన్‌లో ఏం జరిగింది?

చెప్పుకోదగ్గది తక్కువ. మూడో డివిజన్‌లో ఉన్న ఆ జట్టు ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్‌లో వాల్టన్ అండ్ హర్షమ్ అనే చిన్న అమెచ్యూర్ జట్టు చేతిలో 4-0తో, లీగ్‌లో బ్రిస్టల్ రోవర్స్ చేతిలో 8-2తో సొంత మైదానంలోనే ఓడింది. క్లఫ్ మనసు అక్కడ నిలవలేదు. ఏడాది తిరగకముందే వెళ్లిపోయారు, టేలర్ మాత్రం బ్రైటన్‌లోనే ఆగిపోయారు.

లీడ్స్‌లో 44 రోజులే ఎందుకు ఉన్నారు?

1974లో లీడ్స్ ఇంగ్లండ్ ఛాంపియన్. దాన్ని నిర్మించిన డాన్ రెవీ ఇంగ్లండ్ జాతీయ జట్టు మేనేజర్‌గా వెళ్లిపోయారు. ఆ లీడ్స్ ఆటతీరు మొరటుదనీ మోసపూరితమైనదనీ ఏళ్ల తరబడి బహిరంగంగా విమర్శించిన క్లఫ్‌నే బోర్డు ఆ స్థానంలో నియమించింది. తొలి సమావేశాలలో ఒకదానిలో, మీరు గెలిచిన పతకాలను చెత్తబుట్టలో పడేయండి, అవి నిజాయితీగా గెలిచినవి కావని ఆయన అన్నట్టు ఆ గదిలో ఉన్న ఆటగాళ్లు తర్వాత చెప్పారు. రెవీ చేతుల మీదుగా పెరిగి, ఒక కుటుంబంలా కలిసి ఉన్న సీనియర్ ఆటగాళ్లకు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

మొదటి ఆరు లీగ్ మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు వచ్చింది. సెప్టెంబరు 12న తొలగించారు. ఈ వైఫల్యానికి అహంకారం ఒక్కటే కారణమని సాధారణంగా అంటారు. అది నిజమే కానీ సగమే. డార్బీలో ఆయన కింది స్థాయిలో ఉన్న, నిరూపించుకోవలసిన ఆటగాళ్లతో పనిచేశారు. లీడ్స్ ఆటగాళ్లకు నిరూపించుకోవలసిందేమీ లేదు. పైగా మాట మితిమీరినప్పుడు పక్కన కూర్చుని సర్దిచెప్పే టేలర్ అక్కడ లేరు.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఎదుగుదల ఎంత వేగంగా జరిగింది?

1975 జనవరి 6న క్లఫ్ చేరేసరికి ఫారెస్ట్ రెండో డివిజన్‌లో 13వ స్థానంలో ఉంది. ఒక్కడే పనిచేసిన మొదటి ఏడాదిన్నరలో జట్టు నిలదొక్కుకుందే తప్ప మెరవలేదు. 1976 వేసవిలో టేలర్ వచ్చారు. 1977లో మూడో స్థానంతో మొదటి డివిజన్‌కు ఎదిగారు. ఆ మరుసటి ఏడాదే, 1977-78లో, కేవలం మూడు ఓటములతో, లివర్‌పూల్‌కంటే ఏడు పాయింట్లు ముందు నిలిచి ఛాంపియన్లయ్యారు. అప్పట్లో గెలుపుకు రెండే పాయింట్లు ఇచ్చేవారు కాబట్టి ఏడు పాయింట్ల తేడా ఇప్పటికంటే చాలా పెద్దది. 1977 నవంబరు నుంచి 1978 డిసెంబరు వరకు 42 లీగ్ మ్యాచ్‌లలో ఓటమి లేదు. ఆ రికార్డు 2004లో ఆర్సెనల్ బద్దలు కొట్టేదాకా నిలిచింది.

ఈ జట్టులో ఎక్కువమంది ఇతరులు వద్దనుకున్నవారు, లేదా తమను తాము తక్కువగా అంచనా వేసుకున్నవారు. కెన్నీ బర్న్స్ బర్మింగ్‌హామ్‌లో గోల్స్ చేసే ఫార్వర్డ్, పైగా దుడుకు మనిషిగా పేరుపడ్డవాడు. టేలర్ సలహాతో అతణ్ణి కొని డిఫెన్స్‌కు మార్చారు. తొలి సీజన్‌లోనే అతడు పాత్రికేయుల ఉత్తమ ఆటగాడయ్యాడు. జాన్ రాబర్ట్‌సన్ బరువెక్కి, సిగరెట్లు కాలుస్తూ, అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఆటగాడు. అతడికి పరుగులో వేగం లేదు. క్లఫ్ అతణ్ణి ఎడమ అంచున నిలబెట్టి, బంతిని వీలైనంత తరచుగా అతడికే ఇవ్వమని మిగతావారికి చెప్పారు. డిఫెండర్ ఒక్క అడుగు తడబడితే చాలు, రాబర్ట్‌సన్ బంతిని గోల్ ముందుకు కచ్చితంగా పంపేవాడు. ఇక గోల్‌కీపర్ పీటర్ షిల్టన్‌ను మాత్రం పెద్ద మొత్తం పోసి కొన్నారు, ఆ సీజన్‌లో ఫారెస్ట్ 42 మ్యాచ్‌లలో 24 గోల్సే ఇచ్చింది.

యూరోపియన్ కప్ విజయాల వివరాలు చెబుతారా?

1978-79లో తొలి రౌండ్‌లోనే, వరుసగా రెండుసార్లు కప్ గెలిచి ఉన్న లివర్‌పూల్ ఎదురైంది. ఫారెస్ట్ సొంత మైదానంలో 2-0తో గెలిచి, లివర్‌పూల్‌లో 0-0తో నిలబడింది. సెమీఫైనల్‌లో జర్మనీ జట్టు కొలోన్‌తో సొంత మైదానంలో 3-3 డ్రా కావడంతో చాలామంది ఆశ వదులుకున్నారు. కొలోన్‌లో ఇయాన్ బోయర్ గోల్‌తో 1-0 గెలుపు దక్కింది. 1979 మే 30న మ్యూనిక్‌లో జరిగిన ఫైనల్‌లో స్వీడన్ జట్టు మాల్మోపై రాబర్ట్‌సన్ ఎడమవైపు నుంచి పంపిన బంతిని ట్రెవర్ ఫ్రాన్సిస్ తలతో గోల్‌లోకి కొట్టాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో పది లక్షల పౌండ్ల ధరతో బ్రిటన్‌లో కొత్త రికార్డు సృష్టించిన ఫ్రాన్సిస్‌కు, నమోదు నిబంధనల వల్ల, యూరోపియన్ కప్‌లో అదే తొలి మ్యాచ్.

1980 మే 28న మాడ్రిడ్‌లో జరిగిన ఫైనల్‌కు ఫ్రాన్సిస్ గాయంతో దూరమయ్యాడు. ఎదుట ఇంగ్లండ్ ఫార్వర్డ్ కెవిన్ కీగన్ ఉన్న జర్మనీ జట్టు హాంబర్గ్. రాబర్ట్‌సన్ ఇరవయ్యో నిమిషం దగ్గర గోల్ చేశాడు. మిగిలిన సమయమంతా షిల్టన్, బర్న్స్, లారీ లాయిడ్ గోడలా నిలిచి కాపాడారు. దేశీయ లీగ్ టైటిల్స్‌కంటే యూరోపియన్ కప్‌లు ఎక్కువ గెలిచిన క్లబ్ యూరప్‌లో ఫారెస్ట్ ఒక్కటే.

ఆయన శిక్షణ పద్ధతి ఏమిటి?

బంతిని నేల మీద ఉంచడం, సాటి ఆటగాడికి శుభ్రంగా అందించడం, రిఫరీతో వాదించకపోవడం. ఆయన సూత్రాలు దాదాపు ఇంతే. ప్రత్యర్థి గురించి పొడవైన ఉపన్యాసాలు ఇచ్చేవారు కాదు. ఎవరికి ఏది బాగా వచ్చో అదే చేయమనేవారు, రానిదాన్ని ప్రయత్నిస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. ఆటగాళ్లకు విశ్రాంతి ఎక్కువ ఇచ్చేవారు, సీజన్ మధ్యలోనే సెలవులకు తీసుకెళ్లేవారు.

1979లో లీగ్ కప్ (లీగ్ క్లబ్బుల మధ్య జరిగే నాకౌట్ పోటీ) ఫైనల్‌కు ముందు రాత్రి జరిగిన సంగతి ఆ పద్ధతికి అద్దం పడుతుంది. ఆటగాళ్లు బిగుసుకుపోయి ఉన్నారని గమనించిన క్లఫ్, టేలర్‌లు హోటల్‌లో అందరినీ కూర్చోబెట్టి షాంపేన్ తెప్పించి, పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పారు. పడుకోవడానికి వెళ్తామన్నవారిని కూడా వెళ్లనివ్వలేదు. మర్నాడు సౌతాంప్టన్‌పై మొదటి సగంలో 1-0తో వెనకబడిన ఫారెస్ట్ చివరకు 3-2తో గెలిచింది. ఇది ఎవరైనా అనుసరించదగ్గ పద్ధతి కాదు. భయం ఆటగాడి కాళ్లను ఎంత బరువెక్కిస్తుందో ఆయనకు తెలుసునన్నది మాత్రం ఇందులో గమనించాలి.

ఇంగ్లండ్ జాతీయ జట్టు మేనేజర్ ఎందుకు కాలేదు?

1977లో రెవీ అకస్మాత్తుగా తప్పుకున్నప్పుడు ఇంగ్లండ్ ఆటను నడిపించే ఫుట్‌బాల్ అసోసియేషన్ క్లఫ్‌ను ఇంటర్వ్యూకు పిలిచింది. ప్రజాభిప్రాయం ఆయనవైపే ఉంది. పదవి మాత్రం రాన్ గ్రీన్‌వుడ్‌కు దక్కింది. అసోసియేషన్ పెద్దలను ఏళ్లపాటు విమర్శించిన మనిషిని ఆ పెద్దలే నెత్తిన పెట్టుకుంటారని ఆశించడం కష్టమే. అయినా ఆటను దృష్టిలో పెట్టుకుని చూస్తే ఇంగ్లండ్ ఒక మంచి అవకాశాన్ని పోగొట్టుకుందని మేము నమ్ముతాము.

క్లఫ్, టేలర్ ఎందుకు విడిపోయారు?

1982లో టేలర్ ఫారెస్ట్ నుంచి విరమణ తీసుకుని, కొన్ని నెలలకే డార్బీ మేనేజర్‌గా వెళ్లారు. 1983లో రాబర్ట్‌సన్‌ను క్లఫ్‌కు చెప్పకుండా డార్బీకి తీసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. 1990 అక్టోబరులో టేలర్ మయోర్కాలో మరణించేదాకా రాజీ కుదరలేదు. క్లఫ్ అంత్యక్రియలకు వెళ్లారు. కలిసి మాట్లాడుకోకుండా పోయిన ఆ ఏళ్ల గురించి ఆయన తర్వాత ఎంతో పశ్చాత్తాపపడ్డారు.

చివరి దశ ఎలా గడిచింది?

టేలర్ లేని కాలంలో ఫారెస్ట్ 1989, 1990లలో లీగ్ కప్ గెలిచింది. 1991 ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో అదనపు సమయంలో టోటెన్‌హామ్ చేతిలో 2-1తో ఓడింది. ఆ కప్ క్లఫ్‌కు ఎప్పటికీ దక్కలేదు. ఐర్లండ్‌లోని కోబ్ రాంబ్లర్స్ నుంచి రాయ్ కీన్ అనే కుర్రవాణ్ణి తెచ్చి నేరుగా మొదటి జట్టులో ఆడించింది ఈ కాలంలోనే. మరోవైపు మద్యం ఆయన ఆరోగ్యాన్నీ వివేకాన్నీ తినివేస్తూ వచ్చింది. 1989 జనవరిలో మ్యాచ్ ముగిశాక మైదానంలోకి దూసుకొచ్చిన ప్రేక్షకులపై చేయిచేసుకుని జరిమానాకూ నిషేధానికీ గురయ్యారు. 1993లో, మొదటి డివిజన్ స్థానంలో అగ్రస్థాయిగా వచ్చిన ప్రీమియర్ లీగ్ తొలి సీజన్‌లో, ఫారెస్ట్ అట్టడుగున నిలిచి కిందికి జారింది. 18 ఏళ్ల తర్వాత క్లఫ్ పదవీ విరమణ చేశారు. 2003లో కాలేయ మార్పిడి జరిగింది. 2004 సెప్టెంబరు 20న క్యాన్సర్‌తో డార్బీలో కన్నుమూశారు.

ఆయన కుటుంబంలో ఇంకెవరైనా ఫుట్‌బాల్‌లో ఉన్నారా?

కుమారుడు నైజల్ క్లఫ్ తండ్రి మేనేజర్‌గా ఉన్న ఫారెస్ట్‌కే ఫార్వర్డ్‌గా ఆడి, ఇంగ్లండ్ జట్టుకూ ఎంపికయ్యారు. తర్వాత బర్టన్ ఆల్బియన్, డార్బీ కౌంటీ, షెఫీల్డ్ యునైటెడ్, మాన్స్‌ఫీల్డ్ టౌన్ జట్లకు మేనేజర్‌గా పనిచేశారు. బర్టన్ ఆల్బియన్ అంటే, క్లఫ్ పిలుపు అందుకున్న రోజున పీటర్ టేలర్ పనిచేస్తున్న క్లబ్బే.

ఆయన స్మారకాలు ఎక్కడ చూడవచ్చు?

మిడిల్స్‌బ్రోలోని ఆల్బర్ట్ పార్క్‌లో, నాటింగ్‌హామ్ నగర కేంద్రంలో విగ్రహాలు ఉన్నాయి. డార్బీ స్టేడియం వద్ద ఉన్న విగ్రహంలో క్లఫ్, టేలర్ ఇద్దరూ కలిసి ఉంటారు. డార్బీ, నాటింగ్‌హామ్ నగరాలను కలిపే ఏ52 రహదారికి ఆయన పేరే పెట్టారు.